గంటన్నర వింటే ఇస్తామన్న భోజనం, గోవా వోచర్, 25,000 రూపాయల టోకెన్ గురించి ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,
హాలిడే మెంబర్‌షిప్ విభాగం.

అయ్యా,

గత నెల రెండో ఆదివారం సాయంత్రం ఎం.జి. రోడ్డులోని ఒక హోటల్లో మీ కంపెనీ హాలిడే మెంబర్‌షిప్ (ముందే డబ్బు కట్టి, ఏటా కొన్ని రాత్రులు హోటల్ గది వాడుకునే పథకం) అమ్మడానికి పెట్టిన మీటింగుకు నేను, మా ఆవిడ, మా బావమరిది, అతని భార్య వచ్చాం. మేం అడిగి రాలేదు. మీ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి పిలిస్తే వచ్చాం. సూపర్‌మార్కెట్ బయట మీ వాళ్లు పెట్టిన లక్కీ డ్రా డబ్బాలో మా ఆవిడ కూపన్ వేసింది. నంబర్ అక్కడి నుంచే మీకు చేరింది.

ఫోన్లో మీ అమ్మాయి చెప్పిన మాటలు ఇవి. "కొనాలనే రూల్ ఏమీ లేదు సార్. గంటన్నర కూర్చుని వింటే చాలు. వినగానే బఫే డిన్నర్. వెళ్లేటప్పుడు గోవా టూ నైట్స్ త్రీ డేస్ వోచర్, పూర్తిగా ఫ్రీ." భార్యాభర్తలిద్దరూ రావాలని, క్రెడిట్ కార్డు వెంట తెచ్చుకోవాలని కూడా చెప్పింది. కార్డు దేనికమ్మా అంటే ఐడీ ప్రూఫ్ కోసం అంది. ఆధార్ తెస్తానంటే అది చాలదంది. ఆధార్‌కి ఒప్పుకోని ఐడీ చెకింగు నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇందులో దానధర్మాలేమీ లేవు, ఇది బేరం. మా గంటన్నర మీకు, మీ భోజనం, వోచర్ మాకు. మా వంతు మేం పూర్తిగా ఇచ్చాం. మీ వంతు ఏమైందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆరున్నరకు రమ్మని ఏడున్నరకు మొదలుపెట్టారు. హాల్లో పాటలు, మైకు. ఏ టేబుల్ దగ్గర ఎవరు సంతకం పెట్టినా అందరూ లేచి చప్పట్లు కొట్టడం, మైకులో కంగ్రాచ్యులేషన్స్ చెప్పడం. ఆ గోలలో పక్కనున్న భార్యతో ఒక మాట అనుకోవాలన్నా కుదరదు. మేం నలుగురం కలిసే వచ్చినా మా బావమరిది వాళ్లను హాలు ఆ చివర టేబుల్‌కి పంపారు. ఎందుకని అడిగితే "ఒక్కో ఫ్యామిలీకి ఒక్కో ఎగ్జిక్యూటివ్ సార్" అన్నారు.

మా టేబుల్‌కి వచ్చిన కుర్రాడి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నేనూ ఇరవై ఏళ్లకు పైగా జీవిత బీమా ఏజెంటుగా ఉన్నవాణ్ణి, టార్గెట్ల టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు. పిల్లవాడు చురుకైనవాడు. మా ఎదురుగా కూర్చుని, మాకు సరిగ్గా కనపడేలా అంకెలన్నీ తలకిందులుగా రాసుకుంటూ పోయాడు. మీరు హోటల్ గదికి ఇప్పుడు ఎంత పెడుతున్నారు, పదేళ్లకు ఎంతవుతుంది, పాతికేళ్లకు ఎంతవుతుంది అంటూ మొత్తం లక్షల్లోకి తెచ్చి, చివర్న పెద్ద గుండ్రం చుట్టాడు. మెంబర్‌షిప్ 3,75,000 అన్నాడు. కాసేపటికి మేనేజర్ వచ్చి 2,90,000 చేశాడు. ఇంకొకాయన వచ్చి 2,10,000 చేసి, ఇది ఈ రాత్రి వరకే అన్నాడు.

లెక్కలే నా పని కాబట్టి నేనూ అక్కడే వేశాను. ఏటా ఆరు రాత్రులు, 25 ఏళ్లు. అంటే 150 రాత్రులు, రాత్రికి 1,400. చవకే. కానీ ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ ఛార్జీ సంగతి నేను అడిగేదాకా ఎవరూ ఎత్తలేదు. 12,000 అట, జీఎస్టీ వేరే, ఏటా పెరుగుతుందట. పెరగకుండా ఉన్నా పాతికేళ్లకు 3 లక్షలు, మెంబర్‌షిప్ ధర కంటే ఎక్కువ. రెండూ కలిపితే రాత్రికి 3,400. మేం వెళ్లని ఏడాది కూడా ఆ పన్నెండు వేలు కట్టాల్సిందే. ఆ కాగితం ఇవ్వండి, ఇంటికి వెళ్లి ఆలోచించుకుంటాం అన్నాను. కుర్రాడు మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో పెట్టుకున్నాడు. "ఇవి బయటికి ఇవ్వం సార్" అన్నాడు. అక్కడితో నా నిర్ణయం అయిపోయింది.

అప్పటికి తొమ్మిదిన్నర దాటింది. మా ఆవిడకి షుగర్ ఉంది, వేళకి తినాలి. భోజనం ఎక్కడ అని అడిగితే, మేనేజర్ స్టాంపు వేసిన స్లిప్పు ఉంటేనే పై అంతస్తులో బఫేకి పంపుతారన్నారు. ఆ స్లిప్పు మాత్రం రాదు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉన్న బిస్కెట్లు తింది. నేను మళ్లీ అడిగితే మీ మేనేజర్ నవ్వుతూ, పక్క టేబుళ్లకు వినపడేలా, "అన్నం కోసమే వచ్చారా సార్?" అన్నాడు.

మేనేజర్ గారూ, ఔను, అన్నం కోసమే వచ్చాం. మీరు పిలిచింది అన్నం పెడతామనే. హాలిడే మెంబర్‌షిప్ అమ్ముతాం రండి అని పిలిచి ఉంటే ఇంట్లోనే ఉండేవాళ్లం, ఆ సంగతి మీకూ తెలుసు. మీరే ఎర వేసి, దాన్ని చూసి వచ్చినవాళ్లను తిండిపోతుల్లా మాట్లాడటం ఏం మర్యాద? ఆ రోజు నుంచి మా ఆవిడ ఆ రోడ్డులో వెళ్తున్నప్పుడల్లా ఆ హోటల్ వైపు చూడటం లేదు.

స్లిప్పు పదింపావుకి ఇచ్చారు. పైకి వెళ్లేసరికి హోటల్ వాళ్లు గిన్నెలు తీసేస్తున్నారు. చల్లారిన పులావు, అడుగున కాస్త గ్రేవీ, సగం విరిగిన అప్పడాలు ఉన్నాయి. మా వైపు పెళ్లిళ్లలో ఆఖరి బంతికైనా పెరుగు ఉంటుంది. అక్కడ అదీ లేదు.

ఇక వోచర్. కవరు మీద "ఫ్రీ" అని బంగారు రంగు అక్షరాలు. లోపల వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. చెల్లుబాటు 60 రోజులు. బుకింగుకి 45 రోజుల ముందే రిక్వెస్టు పెట్టాలి. శని ఆదివారాలు, పండగలు పనికిరావు. ప్రయాణ ఖర్చు మాదే, అది న్యాయమే. కానీ జంటకు 5,999 రూపాయలు "సర్వీస్ ఛార్జీ" ముందుగా కట్టాలట. వోచర్ తీసుకున్న రోజునే రిక్వెస్టు పెట్టినా మిగిలేది రెండు వారాలు, అందులోనూ సోమవారం నుంచి శుక్రవారం వరకే. ఫోన్ చేస్తే ఆ తేదీల్లో రూములు ఖాళీ లేవన్నారు.

డబ్బు కట్టించుకుని ఇచ్చేదాన్ని ఫ్రీ అని ప్రచారం చేయకూడదని, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల రక్షణ అథారిటీ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. వచ్చి తీసుకోవడానికో, డెలివరీకో తప్పనిసరిగా అయ్యే ఖర్చు వేరు. మీ 5,999 అందులోకి రాదు. ఇచ్చే ఉద్దేశం లేకుండా గిఫ్టు ఆశ చూపడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

ఇదంతా మా ఇద్దరికీ జరిగింది. అసలు నష్టం మా బావమరిదికి. ఆ చివర టేబుల్ దగ్గర అతని చేత కార్డు గీయించి 25,000 టోకెన్ తీసుకున్నారు. "మనసు మారితే వెనక్కి ఇచ్చేస్తాం సార్" అన్నది నోటి మాట. "నాన్ రిఫండబుల్" అని రాసి ఉన్న కాగితం చేతికి ఇచ్చింది కార్డు గీశాక. మర్నాడు పొద్దున్నే రద్దు చేయమని మెయిల్ పెట్టాడు. మీ వాళ్లు రెండు లైన్లలో కుదరదని జవాబిచ్చారు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను.

నా వృత్తిలో ఇది సాగదు. పాలసీ కాగితాలు చేతికి అందాక 30 రోజుల్లోపు నచ్చలేదని కస్టమర్ వెనక్కి ఇవ్వొచ్చు. కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని ప్రీమియం తిరిగి ఇవ్వాల్సిందే. నా కమిషన్లో రూపాయి వెనక్కి ఇస్తానని ఆశపెట్టి పాలసీ చేయించినా 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ కింద తప్పే. మీ వ్యాపారానికి ఈ నిబంధనలు వర్తించవని తెలుసు. అయినా పాతికేళ్ల ఒప్పందం చేసుకునే మనిషికి ఒక్క రాత్రి ఆలోచించుకునే వీలు కూడా ఇవ్వనిది అందులో ఏం దాచడానికని ఎవరైనా అడుగుతారు.

నేను కోరేవి. మా బావమరిది కట్టిన 25,000 మొత్తం, కోత లేకుండా, అదే కార్డుకి జమ చేయాలి. మా వోచర్‌ని సర్వీస్ ఛార్జీ లేకుండా, వాడుకోగలిగే తేదీలతో మార్చి ఇవ్వాలి, లేదా దాని విలువ ఎంతని మీరు చెప్పుకుంటున్నారో ఆ మొత్తం ఇవ్వాలి. మా ఆవిడకి ఆ మేనేజర్ తరఫున రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. చల్లారిన పులావు సంగతి వదిలేస్తున్నాను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేస్తాను. ఆ తర్వాత మా బావమరిది ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాడు. 5 లక్షల లోపు లావాదేవీకి అక్కడ ఫీజు లేదు, ఉన్న ఊళ్లోనే వేసుకోవచ్చు. మీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరే ఇక్కడికి రావాల్సి ఉంటుంది. ఆ 25,000 చెల్లింపు మీద అభ్యంతరం చెబుతూ అతను కార్డు బ్యాంకుకు ఇప్పటికే డిస్‌ప్యూట్ పెట్టాడు. వోచర్ రెండు వైపుల జిరాక్స్, కార్డు స్లిప్పు, మెయిళ్ల కాపీలు జతచేశాను.

ఇంకొకటి. ఇది రాస్తుండగానే మీ ఆఫీసు నుంచి ఇంకో అమ్మాయి ఫోన్ చేసి, మేం మళ్లీ లక్కీ డ్రాలో సెలెక్ట్ అయ్యామని, ఈ ఆదివారం డిన్నర్‌కి రమ్మని చెప్పింది. మా నాలుగు నంబర్లూ మీ లిస్టులోంచి తీసేయండి. ఇంకోసారి ఫోన్ వస్తే, అక్కర్లేని అమ్మకపు కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే 1909కి ఫిర్యాదు వెళ్తుంది. జవాబు మాత్రం పోస్టులోనే పంపండి.

ఇట్లు,
(సంతకం)