ముత్తాత ఎప్పుడు పోయారో ముందు తద్దినం తిథిని అడగండి

సంపాదకులకు,

పాతిక, ముప్పయ్యేళ్ల వయసుకే కన్నుమూసిన ముత్తాతల వివరాల కోసం గుంటూరు, విజయవాడల్లో ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు తొలి అడుగే తప్పు వేస్తుంటారు. 'సుమారు 1915' అని అర్జీ పెడితే ఆ ఒక్క ఏడాది మరణాల రిజిస్టరు తిరగేసి, దొరకలేదని రాసిస్తారు. వెతికినందుకు రుసుము ఏడాది లెక్కన కాబట్టి పదేళ్లు చూడమని అడిగేవాళ్లు తక్కువ. ముందు ఇంట్లో తద్దినం తిథి అడగాలి.

కాలయుక్తి నామ సంవత్సరం ఆశ్వయుజ బహుళంలో పోయారని పెద్దలు చెబితే, అది 1918 అక్టోబరు ఆఖరి పది పన్నెండు రోజులు, నవంబరు మొదటి మూడు రోజుల్లో పడుతుంది. తిథి కూడా తెలిస్తే వెతకాల్సింది ఒకటి రెండు తేదీలే. తప్పు జరిగేది మాఘ, ఫాల్గుణాల దగ్గర. ఉగాదికి గాని సంవత్సరం మారదు కనుక కాలయుక్తి మాఘం 1919లో వస్తుంది. శిస్తు కాగితాల్లో ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) ఉంటే 590 కలపండి: 1328 ఫసలీ అంటే 1918 జులై నుంచి 1919 జూన్ దాకా.

మరణ కారణం దగ్గర 'జ్వరం' అని ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. 1918 ఇన్‌ఫ్లుయెంజా చావులు చాలావరకు ఆ పద్దులోకే పోయాయి. జననాల రిజిస్టరులో బిడ్డ పేరు తరచు ఉండదు, తండ్రి పేరుతో వెతకాలి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఆ తండ్రి పేరే ఇద్దరినీ విడదీస్తుంది. 1859 నుంచి 1904 అక్టోబరు 1 దాకా గుంటూరు జిల్లా లేదు, అప్పటి కాగితాలకు కృష్ణా జిల్లా అని అడగాలి. విజయవాడ అన్నిచోట్లా బెజవాడే.

పిల్లలు లేకుండా పోయినవారికి తద్దినం పెట్టేవాళ్లుండరు, తిథీ మరుగున పడుతుంది. క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్తిస్మ, సమాధి రిజిస్టర్లున్నాయి. మిగిలినవారికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసే దిక్కు. చిన్న వయసులో పోయిన మనిషి తాను రాసిన కాగితాలు తక్కువ, ఆయన పోయాక ఇంటివాళ్లు రాసుకున్నవి ఎక్కువ. ఒక క్రయ దస్తావేజులో ఆయన సంతకం ఉండి, తర్వాతి దానిలో 'మైనరు కుమారుని గార్డియను తల్లి' అని ఉంటే చావు ఆ రెండు తేదీల నడుమే. 1937 హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టానికి ముందు ఉమ్మడి ఆస్తిలో వితంతువుకు మనోవర్తే తప్ప వాటా లేదు, అందుకని మనోవర్తి దస్తావేజు ఉందేమో చూడాలి. దత్తతకు భర్త ఇచ్చిన అధికార పత్రం కూడా ఉండొచ్చు.

ఇంత పాత వాటికి కంప్యూటరు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) పనికిరాదు. చేతిరాత సూచికల్లో ఒకటోది పేర్లవారీ, రెండోది ఆస్తివారీ. ఆస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. దత్తత అధికారాలు, వీలునామాలు ఉండే మూడో పుస్తకాన్ని మాత్రం సబ్‌రిజిస్ట్రారే వెతకాలి. పొలం సర్వే నంబరు తెలియకపోతే తహసీల్దారు ఆఫీసులో ఆ గ్రామం డైగ్లాట్ (పాత భూముల రిజిస్టరు) అడగండి, పట్టాదారు పేరు పక్కనే నంబరుంటుంది.

అన్ని సంపుటాలూ కాకపోయినా ఒకటో సూచికలనైనా రిజిస్ట్రేషన్ శాఖ స్కాన్ చేయించాలి. అంచులు పొడిబారినవాటితో మొదలుపెట్టాలి. పేజీ తిప్పగానే ముందు రాలిపోయేది ఆ అంచున రాసిన పేరే.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు