రక్తపరీక్ష ఒక్కటే క్యాన్సర్ లేదని తేల్చేస్తుందా?

సంపాదకుడు గారికి,

ఒక్క రక్తపరీక్షతో కడుపులోని క్యాన్సర్ బయటపడుతుందంటూ పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన శిబిరం వార్త చదివాను. ప్యాకేజీ ధర కూడా అందులోనే అచ్చయింది కనుక దానిని ప్రకటన అనడమే సబబు.

నిరుడు హన్మకొండలో జరిగిన ఇటువంటి శిబిరానికే మా పెద్దన్నయ్య వెళ్లారు. విరేచనంలో నెత్తురు పడుతోందని ఆయన చెబితే సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్) పరీక్ష చేసి, రిపోర్టులో 1.9 అన్న అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, 'నార్మల్' అని రాసి, మొలలకు పూతమందు ఇచ్చి పంపారు. ఆ కాగితాన్ని ఆయన బీరువాలో పట్టాదారు పాసుబుక్కు పక్కన దాచుకున్నారు. తొమ్మిది నెలల తర్వాత కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి ముక్క పరీక్షకు పంపితే పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది.

1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్న ఈ సీఈఏ ప్రధానంగా ఆపరేషన్ అయిన రోగికి జబ్బు తిరగబెడుతోందా అని కనిపెట్టుకుని ఉండడానికి పనికొస్తుంది. తొలి దశలో చాలామందికి అది పెరగదు. బీడీ తాగేవారికి ఏ క్యాన్సరూ లేకున్నా పెరగవచ్చు. అదే ప్యాకేజీలో రక్తంలో కొలిచే సీఏ 19-9 అనే మరో పదార్థం పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా పెరుగుతుంది, కొందరి ఒంట్లోనైతే పుట్టుకతోనే అది తయారు కాదు. ఇక ఆ అంకెలను చూసి ఊరటపడేది ఎవరు, బెంబేలెత్తేది ఎవరు?

విరేచనంలో నెత్తురు కనబడితే కొలనోస్కోపీకి పంపాలని తెలియని వైద్యులు ఉన్నారనుకోను. ఏ లక్షణమూ లేని నడివయసు వారికి కంటికి కనబడని నెత్తురును పట్టే మల పరీక్ష ఉంది, ఖర్చూ తక్కువే. బహుశా మలం డబ్బా పట్టుకుని ఫ్లెక్సీ ముందు ఫొటో దిగడం అతిథులకు బాగుండదేమో! రిబ్బన్ కత్తిరించడానికి తీరిక దొరికిన అధికారులకు, లోపల ఎవరికి ఏ పరీక్ష ఎందుకు చేస్తున్నారో అడిగే తీరిక మాత్రం దొరకదు. ఒకప్పుడు మీ విలేకరులు ఇటువంటి వార్త వేసే ముందు ఒక డాక్టరునైనా అడిగేవారు.

వచ్చే ఆదివారం నర్సంపేటలోనూ ఇదే శిబిరం ఉందని మీ వార్త చివర ఉంది. ఈ లేఖను దయచేసి ఆలోగా, అదే పేజీలో ప్రచురించగలరు.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, హన్మకొండ