మా స్టాఫ్‌రూమ్‌కి, నా వెంట నిలబడిన అందరికీ కృతజ్ఞతలు

ఈ వారం నుంచి మళ్ళీ పూర్తి టైంటేబుల్‌తో క్లాసులకు వెళ్తున్నాను. డిప్రెషన్, పని ఒత్తిడి వల్ల సెలవులో ఉన్నప్పుడు చాలామంది ఫోన్లు చేశారు, మెసేజ్‌లు పెట్టారు. అప్పుడు ఎవరికీ సరిగ్గా జవాబు ఇవ్వలేకపోయాను. ఇప్పుడు బాగున్నాను. నేను ఇలా కోలుకోవడానికి కారణమైనవాళ్ళకు నలుగురి ముందూ చెప్పాల్సిన థాంక్స్ ఇది. ఇదే పరిస్థితిలో ఉన్న టీచర్లు ఎవరైనా చదువుతారేమోనని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా మా లెక్కల మేడమ్‌కి. నాలో మార్పును మొదట పట్టుకున్నది ఆవిడే. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె దడ, తెల్లవారుజామునే మెలకువ రావడం, కళ్ళు తెరవగానే దిద్దాల్సిన పేపర్లు గుర్తుకు రావడం. ఇవన్నీ టీచర్లందరికీ ఉండేవే కదా అనిపించేది. ఆవిడ వాటి గురించి అడగనే లేదు. "ఈమధ్య నువ్వు పిల్లల పేర్లు చెప్పడం మానేశావు, చూసుకున్నావా? సెక్షన్ పేరే చెప్తున్నావు" అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. పిల్లల కబుర్లు చెప్పకుండా ఒక్క రోజు కూడా ఇంటికి వెళ్ళనిదాన్ని నేను.

ఆవిడ ధైర్యం చెప్పలేదు, సలహాలు ఇవ్వలేదు. నా టేబుల్ మీద ఉన్న పేపర్ల కట్టలో సగం తీసుకెళ్ళి దిద్దిపెట్టారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుని, నాతో పాటు వచ్చి బయట కూర్చున్నారు. మేడమ్, ఆ రోజు మీరు రాకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు.

డాక్టర్ గారికి కూడా నా నమస్కారాలు. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారు. వాటిలో తేడా ఉన్నా ఇలాంటి నీరసం, దిగులు రావచ్చట. తర్వాత 9 ప్రశ్నలున్న కాగితం ఇచ్చారు. గడిచిన 2 వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, ఏకాగ్రత ఎలా ఉన్నాయో ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. చివరి ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. డాక్టర్ గారు దాన్ని దాటవేయకుండా సూటిగా అడిగారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ, ఉన్నదాన్ని బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుందనీ అన్నారు. మందు గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, కాస్త బాగుందనిపించగానే సొంతంగా ఆపేయకూడదని ముందే చెప్పడం నాకు చాలా మేలు చేసింది. లేకపోతే మొదటి వారంలోనే విసుగొచ్చి మానేసేదాన్నేమో.

కౌన్సెలర్ గారి దగ్గర నా సమస్యకు ఒక రూపం దొరికింది. నాకు ఉన్నవి రెండు అన్నారు. ఒకటి డిప్రెషన్, దానికి వైద్యం కావాలి. రెండోది బర్న్‌ఔట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్న్‌ఔట్‌ను జబ్బుగా కాకుండా, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా చెప్పారట. దానికి మూడు గుర్తులు: ఒంట్లో శక్తి ఇంకిపోవడం, పని మీద మనసు విరిగి దూరమైపోవడం, ఏం చేసినా సరిగ్గా చేయడం లేదనిపించడం. పిల్లల పేర్లు నా నోట్లోంచి ఎందుకు మాయమయ్యాయో అప్పుడు అర్థమైంది. నా ప్రేమ తగ్గిపోలేదు, తట్టుకోలేక మనసు తలుపు వేసుకుంది. ఆ ఒక్క సంగతి తెలియడంతోనే నా మీద నాకున్న అసహ్యం సగం పోయింది.

"పని వల్ల వచ్చినది కాబట్టి పనిలోనే కొంత మారాలి, మీరొక్కరే మారితే చాలదు" అని కూడా ఆయనే అన్నారు. ఈ మాటను నిజం చేసింది మా హెడ్ మేడమ్, మా స్టాఫ్. ఇది మాత్రం వివరంగా చెప్పాలి.

సెలవు అయ్యి వెళ్ళిన రోజు హెడ్ మేడమ్ నన్ను కూర్చోబెట్టి, వారంలో నేను చేసే ప్రతి పనినీ, దానికి పట్టే టైమునూ రాయమన్నారు. క్లాసులు, దిద్దడం, నోట్స్, రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు, రాని టీచర్ల క్లాసులు, ఫంక్షన్ల పనులు, రాత్రి పూట తల్లిదండ్రుల మెసేజ్‌లు. తర్వాత స్టాఫ్ అందరి చేతా అదే రాయించారు. చూస్తే ఒకే వివరాన్ని మూడు చోట్ల ఎక్కిస్తున్నాం. అందులో రెండు ఆపేశారు. రాని టీచర్ల క్లాసులు ఎవరి వంతు ఎప్పుడో ఇప్పుడు బోర్డు మీద ఉంటుంది. అంతకుముందు కాదనలేనివాళ్ళ మీదే అవి పడేవి. రోజుకు ఒక ఖాళీ పీరియడ్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. ప్రతి నోట్‌బుక్‌లో ప్రతి లైనూ దిద్దక్కర్లేదని, కొన్నిటిని బాగా లోతుగా దిద్ది, మిగతావాటిలో కనిపించే తప్పులను క్లాసులో అందరికీ కలిపి చెప్పవచ్చని తీర్మానం చేశాం. కోపంగా వచ్చే తల్లిదండ్రులతో టీచర్ ఒంటరిగా మాట్లాడకూడదు, పక్కన ఇంకొకరు ఉండాలి. గ్రూపులో సాయంత్రం తర్వాత, అత్యవసరమైతే తప్ప, మెసేజ్‌లు లేవు. ఈ చివరి నియమాన్ని తల్లిదండ్రులే ముందుగా సమర్థించారు. వాళ్ళకు ప్రత్యేకంగా థాంక్స్.

టైంటేబుల్ వేసేటప్పుడు "పొద్దున్నే ఏ క్లాసుతో మొదలుపెడితే నీకు బాగుంటుంది?" అని హెడ్ మేడమ్ అడిగారు. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అలా అడగలేదు. పని ఎక్కువగా ఉండి, దాని మీద మన చేతిలో ఏమీ లేకపోవడమే మనిషిని ఎక్కువగా నలిపేస్తుందని 1979లో కరాసెక్ అనే పరిశోధకుడు చెప్పాడని కౌన్సెలర్ గారి దగ్గర విన్నాను. హెడ్ మేడమ్ అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో దాని అర్థం నా అనుభవంలోకి వచ్చింది.

ధ్యానం చెయ్యమని, పాజిటివ్‌గా ఆలోచించమని చెప్పినవాళ్ళు కూడా నా మీద ప్రేమతోనే చెప్పారు. నడక, శ్వాస వ్యాయామం నాకు పనికొచ్చాయి, ఇప్పటికీ చేస్తున్నాను. కానీ పేపర్ల కట్ట అలాగే ఉంటే ఎంత ఊపిరి పీల్చినా అది తగ్గదు. టీచర్‌కు ఓర్పు నేర్పే ముందు ఆమె భుజం మీద ఏమేం పెట్టామో చూడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యక్తికి సాయం చేయడంతో పాటు పనిచేసే చోట మార్పులు తేవాలని, పై అధికారులకు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలని చెప్తున్నాయి.

ఇంట్లో మా ఆయన, అత్తయ్య చేసినదానికి ఇక్కడ థాంక్స్ చెప్తే కోప్పడతారు, అయినా చెప్తున్నాను. రాత్రిళ్ళు నా ఫోన్ హాల్లోనే ఉండేలా చూసింది అత్తయ్యే. మా క్లాసు పిల్లలూ, మీరు రాసిన ఉత్తరాలన్నీ చదివాను. ఒక్కొక్కరికీ పేరు పెట్టి జవాబు రాస్తున్నాను, కొంచెం ఓపిక పట్టండి.

కౌన్సెలింగ్‌కు ఇంకా వెళ్తున్నాను, మందు కూడా వాడుతున్నాను. మీ స్కూల్లో కూడా పనుల లెక్క వేసి చూసుకోవాలనుకుంటే, మేము రాసుకున్న పట్టిక నా దగ్గర ఉంది. అడగండి, పంపిస్తాను.