చలికి పురుగు చావదా అన్నావుగా నాన్నా

మినియాపొలిస్, అమెరికా,
జనవరి

నాన్నా,

టీవీలో ఇక్కడ మైనస్ 30 అని చూసి అమ్మ అన్నం మానేసిందని అన్నయ్య చెప్పాడు. ఇంట్లో రాత్రీ పగలూ హీటర్ నడుస్తూనే ఉంటుంది. బయటికెళ్తే కోటు, బూట్లు, గ్లౌజులు వేసుకునే వెళ్తున్నా. ఉద్యోగం బాగానే ఉంది. టెన్షన్ పడొద్దని అమ్మకి నువ్వే చెప్పు, నా మాట వినదు.

ఇంత చలిలో పురుగు మిగలదు కదా, మందుల ఖర్చు ఉండదు అన్నావు. నేను చెప్పేలోపే ఫోన్ కట్టయింది. మిగులుతుంది నాన్నా. మా ఇంటి వెనక చెరువు గట్టున గోల్డెన్‌రాడ్ అనే మొక్కల ఎండు కాడలున్నాయి. కాడ మధ్యలో ఉసిరికాయంత బుడిపె. ఒకటి కోసి చూశాను. లోపలంతా ఎండిన గుజ్జు, నడిమధ్య చిన్న తొర్రలో తెల్లటి పురుగు, గట్టిగా బిగుసుకుపోయి ఉంది. చచ్చిందనుకుంటాం, చావలేదు. అది ఒకరకం ఈగ పిల్ల. చలి ముదరకముందే ఒంట్లో గ్లిసరాల్, సార్బిటాల్ అని చలిని తట్టుకునే పదార్థాలు తయారుచేసుకుంటుంది. తర్వాత ఒంట్లో నీరు గడ్డకట్టినా ఆ గడ్డ చాలావరకు కణాల బయటే ఆగుతుంది.

దాని ముందుచూపు చూడు. ఈగ అయ్యాక దానికి కొరికే నోరుండదు. అందుకే పురుగుగా ఉన్నప్పుడే బయటికి దారి తొలిచి, చివర పల్చటి పొర ఒక్కటి వదిలేస్తుంది. వసంతంలో ఈగ ఆ పొరని తలతో నెట్టుకుని బయటపడుతుంది. దానికి చలి కంటే వడ్రంగిపిట్టలతోనే ప్రమాదం. గడ్డకట్టిన చెరువులకి కన్నం పెట్టి గాలమేసేవాళ్లు కూడా ఈ పురుగుని ఎరగా గుచ్చుతారు.

తేనెటీగల పద్ధతి వేరు. అవి గడ్డకట్టవు. పట్టులో ఒకదాన్నొకటి అంటుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండలు వణికిస్తూ వేడి పుట్టించుకుంటాయి. దాచుకున్న తేనే వాటికి తిండి.

మొక్కజొన్న రైతులకీ ఇక్కడ సుఖం లేదు. వేరుపురుగు గుడ్లు మట్టిలోనే చలికాలం దాటేస్తాయి. పైన మంచు మందంగా పడితే కింద నేల అంత చల్లబడదు మరి.

పత్తి మోళ్లు పీకించావా? ఉంచితే గులాబీ రంగు పురుగు వాటిల్లోనే ఉండిపోతుంది, నీకు తెలియనిది కాదు. కూలీ డబ్బులు నేను పంపుతా, వద్దనకు. ఎప్పుడొస్తావని మాత్రం ఇప్పుడే అడక్కు నాన్నా, సెలవు ఖాయం కాగానే మొదట నీకే చెప్తా. అమ్మ మోకాలికి డాక్టరు ఏమన్నాడో అన్నయ్యతో రాయించు.

నీ చిన్ని