మీ మూడు రంగులతో వంకాయ రంగు రాదు సార్, నా డబ్బులు వాపస్ ఇవ్వండి

కస్టమర్ కేర్ వాళ్ళకి, వాళ్ళపైన ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్తే. మీ ఆర్ట్ జర్నలింగ్ కిట్టు, అంటే రోజూ రంగులు వేసి, దేనికి థాంక్స్ చెప్పాలో రాసుకునే పుస్తకం కిట్టు, 1,499 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో కొన్నా. పుస్తకం, మూడు వాటర్‌కలర్ ట్యూబులు, రెండు బ్రష్షులు. "మూడు రంగులతో అన్ని రంగులూ, రోజుకో కృతజ్ఞత" అని డబ్బా మీద ఇంత లావు అక్షరాలతో వేసినారు. అన్ని రంగులూ అక్కర్లేదు సార్, వంకాయ రంగు ఒక్కటి కలిపి చూపించండి, ఈ లెటర్ నేనే చించేస్తా.

ముందు నేనెవరో చెప్పాల, ఎందుకంటే మీ చాట్‌లో మాట్లాడిన అమ్మాయి "మేడం బిగినర్స్‌కి కలర్ మిక్సింగ్ కష్టంగానే ఉంటది, ప్రాక్టీస్ చేయండి" అనేసింది. తిరుపతిలో గాంధీ రోడ్డు దగ్గర మాది మ్యాచింగ్ సెంటర్. బ్లౌజు పీసులు, లైనింగులు, ఫాల్సులు అమ్ముతాం. నెమలికంఠంలో నీలం పాలు ఎక్కువుందా పచ్చ పాలు ఎక్కువుందా, ఉల్లిపొర రంగుకీ గంధం రంగుకీ తేడా ఎంత, ట్యూబ్‌లైటు కింద సరిగ్గా కుదిరిన పీసు ఎండలోకి పోతే ఎందుకు తేడా కొడతాది, ఇదే నా బతుకుతెరువు. చీర చేతిలో పట్టుకుని వాకిట్లోకి పోయి ఎండలో చూసుకోకుండా మా కస్టమర్లు ఒక్కరు కూడా డబ్బులియ్యరు. కాబట్టి బిగినర్ అనే మాట నా దగ్గర వద్దు.

అసలు సంగతికొస్తా. మీ ఎరుపు ట్యూబు నిజంగా ఎరుపు కాదు, నారింజ వైపు వాలిన ఎరుపు, అంటే దాంట్లో అప్పటికే పసుపు గుణం ఉండాది. మీ నీలం పచ్చ వైపు వాలిన నీలం, దాంట్లోనూ పసుపు ఛాయే. ఈ రెండూ కలిపితే ఎరుపు, నీలం, పసుపు మూడూ కలిసినట్టే కదా, మూడూ కలిస్తే వచ్చేది మట్టి రంగు. అదే వచ్చింది. నీళ్ళు తగ్గించినా, పాళ్ళు మార్చినా, బ్రష్షు కడిగి మళ్ళీ కలిపినా అదే బురద. మీ పుస్తకం పేజీ 14లో మాత్రం ఎరుపు ప్లస్ నీలం ఈజీక్వల్టు నిగనిగలాడే వంకాయ రంగు బొమ్మ వేసినారు. అది వేసింది మీ ప్రెస్సు వాళ్ళ ఇంకు సార్, మీ పెయింటు కాదు. ప్రెస్సులో వాడేది సయాన్, మజెంటా, పసుపు, నలుపు, వాళ్ళ దగ్గర మజెంటా ఉంది కాబట్టి వచ్చింది, మీరు మాకు ఇయ్యలేదు కాబట్టి మాకు రాలేదు. నమ్మకం లేకపోతే ఇంకోటి చెప్తా వినండి, ఇక్కడే స్టేషనరీ షాపులో పీవీ 19 అని నంబరు వేసిన, మజెంటాకి దగ్గరుండే రోజ్ ట్యూబు ఒకటి కొనుక్కొచ్చి మీ నీలంతోనే కలిపినా, మొదటిసారికే మంచి ఊదా వచ్చింది. తప్పు నా చేతిది కాదు, మీ ఎరుపుది.

ఆ నంబరు సంగతి కూడా ఇక్కడే. పెయింట్లు అమ్మే మంచి కంపెనీలు ట్యూబు మీద పిగ్మెంటు కోడు, అంటే లోపల ఏ రంగుపొడి వాడినారో చెప్పే నంబరు, వేస్తాయి, అల్ట్రామెరైన్ అయితే పీబీ 29, ఫ్తాలో నీలం అయితే పీబీ 15. మీ ట్యూబు మీద "ప్రేమ ఎరుపు", "ప్రశాంత నీలం", "ఆశ పసుపు" అని ఉండాది. ప్రేమ దేంతో చేసినారో తెలియకుండా దాన్ని దేంతో కలపాలో మేమెట్ల చెప్పేది?

మంచి పేజీ ఒకటుంది, అది ఒప్పుకోవాల. ఫ్రాన్సులో గోబ్లాన్ అద్దకం కార్ఖానాలో నల్లదారం సరిగా నల్లగా లేదని కంప్లైంట్లు వస్తే, షెవ్రూల్ అనే కెమిస్ట్రీ ఆయన వెతికి వెతికి, లోపం అద్దకంలో లేదు, పక్కన నేసిన రంగు వల్ల కంటికి అట్ల కనబడతా ఉందని కనిపెట్టి 1839లో పుస్తకం వేసినాడు, ఆ కథ బాగా రాసినారు. మా షాపులో రోజూ జరిగేదే అది, అదే క్రీమ్ లైనింగు మెరూన్ చీర మీద పెడితే ఒకలా, చిలకపచ్చ మీద పెడితే ఇంకోలా. కానీ దాని కింద ఎక్సర్‌సైజ్ చూడండి. ఎర్ర గడిలో ఒక బూడిద చదరం, పచ్చ గడిలో అదే బూడిద చదరం, "రెండూ ఒకటే, మీ కన్ను మోసపోతోంది" అని రాసినారు. తెల్లకాగితానికి రెండు చిల్లులు పెట్టి చుట్టూ రంగు కనపడకుండా మూసి చూసినా. రెండూ ఒకటి కాదు! ఒకటి పసుపు కొట్టిన బూడిద. నా కన్ను మోసపోలేదు, ప్రింటింగ్ మోసం చేసింది.

పేపరు 200 జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరు కాగితం 200 గ్రాములు, అని అట్ట మీద ఉంది. ఒక్క పూత నీళ్ళు తగిలితే అప్పడంలా లేస్తా ఉంది, రంగు వెనకపేజీకి దిగి అక్కడ ఉన్న కృతజ్ఞత ప్రశ్న కూడా కనపడకుండా పోతా ఉంది. ఏ5 సైజు అంటే 21 సెంటీమీటర్లు ఇంటూ 14.8, 200 జీఎస్ఎమ్ అయితే పది కాగితాలు 62 గ్రాములు తూగాల. పక్కన బంగారు షాపు వాళ్ళ కాటాలో పెట్టిస్తే 37 గ్రాములు. లెక్కేస్తే 120 జీఎస్ఎమ్. ఫోటో జతచేసినా.

ఇంక కృతజ్ఞత ప్రశ్నలు. మొదటి రోజు ప్రశ్న నాకు నిజంగా నచ్చింది, "ఇవాళ మీ చేతికి తగిలిన రంగుల్లో దేనికి థాంక్స్ చెప్తారు" అని. ఆ రోజు పుత్తూరు నించి ఒకామె వాళ్ళమ్మ చీర చెంగు ముక్క తెచ్చి, వెలిసిపోయిన మెంతి రంగుకి బ్లౌజు కావాలనింది, దొరికింది, ఆమె మొహం చూసినాక రాత్రి అదే రాసుకున్నా. కానీ 365 ప్రశ్నలని చెప్పి తొంభై దాటినాక అవే తిప్పి తిప్పి వేసినారు, కాఫీ కప్పు గురించి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పేది. దానికన్నా ఘోరం, రాయని రోజుకి నల్లగడి నింపాలంట, "గ్యాప్ వస్తే ఫలితం పోతుంది" అని హెచ్చరిక. మీరే ముందుమాటలో కృతజ్ఞత రాసుకోవడం మీద ఎమ్మన్స్, మెకల్లఫ్ అనే వాళ్ళు చేసిన 2003 స్టడీ పేరు చెప్పుకున్నారు కదా, దాంట్లో ఒక బ్యాచ్ స్టూడెంట్లు వారానికి ఒక్కసారే రాసినారు, పది వారాలు. నల్లగడులు వాళ్ళకెవరూ పెట్టలేదు. శ్రావణమాసం పెళ్ళిళ్ళ సీజన్లో మాకు అన్నం తినేదానికే టైముండదు, ఆ నెల మొత్తం నల్లగా నింపుకుని నేను సంతోషంగా ఉండాలా?

ఇంకోటి, పేజీ 61లో కలంకారీ నలుపు బొగ్గుతో వేస్తారని అచ్చేసినారు. శ్రీకాళహస్తి మాకు పక్కనే సార్. కాల్చిన చింతబరికె బొగ్గుతో గీసేది ముందు వేసుకునే గీతలు మాత్రమే. నలుపు వచ్చేది కసిమితో, అంటే ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన ద్రవం, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది తగిలితే నల్లబడతాది. వాళ్ళనొక్కసారి అడిగుంటే చెప్పేవాళ్ళు.

మెయిల్ పెడితే మీ నించి వచ్చిన జవాబు, "మీ ఫీలింగ్స్‌కి కృతజ్ఞతలు, పాజిటివ్ మైండ్‌తో ప్రయత్నించండి". ఈ-కామర్స్ రూల్స్, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాల, నెల లోపల పరిష్కరించాల. పాజిటివ్ మైండ్ పరిష్కారం కాదు.

నాకు కావాల్సింది ఇది. 1,499 మొత్తం వాపస్. అమ్ముడుపోకుండా ఉన్న కిట్లలో ఎరుపు మార్చండి, లేదా "అన్ని రంగులూ" అనే మాట డబ్బా మీద నించి తీసేయండి. ట్యూబుల మీద పిగ్మెంటు కోడు, అట్ట మీద నిజం జీఎస్ఎమ్. నెలలోపల ఏదీ జరక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదని కనుక్కున్నా.

బిల్లు, కాటా ఫోటో, రంగుల ముక్కలు (మీ ఎరుపుతో వచ్చిన బురద, పీవీ 19తో వచ్చిన ఊదా, రెండూ ఎండలో తీసినవి) జతచేసినా. కిట్టు తీసుకుపోవడానికి మనిషిని పంపేటట్టయితే మధ్యాహ్నం రెండు నించి నాలుగు లోపల పంపండి, సాయంత్రమైతే షాపులో నిలబడేదానికి చోటుండదు.

ఇట్లు,
మ్యాచింగ్ సెంటర్ ఓనరు,
తిరుపతి