కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి ఒక సంగీత అధ్యాపకురాలి బహిరంగ లేఖ

అయ్యా,

ఇంటర్నెట్ నుంచి పాటలు డౌన్‌లోడ్ చేసుకోవడం నేరమని మా కళాశాల నోటీసు బోర్డులో హెచ్చరిక అంటించారు. మా పిల్లలు దించుకుంటున్నవి కొత్త సినిమా పాటలు కావు. విజయవాడ ఆకాశవాణిలో వోలేటి వెంకటేశ్వర్లు గారు చెప్పిన సంగీత శిక్షణ పాఠాలు, భక్తిరంజని రేడియో కార్యక్రమంలో శ్రీరంగం గోపాలరత్నం గారు పాడిన కీర్తనలు, బాలాంత్రపు రజనీకాంతరావు గారి గేయాలు. వీటిలో కొన్ని సీడీలుగా వచ్చాయనుకున్నా, సీడీ వేసుకునే సాధనం నేడు ఏ హాస్టల్ గదిలో ఉంది?

మొన్న ఒక విద్యార్థిని తన ఫోనులో ఒక కీర్తన వినిపించింది. ఎన్నడో ఎవరో శ్రోత రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్నది. పల్లవి ఎత్తుగడ తెగిపోయింది, అనుపల్లవిలో కుక్కర్ కూత వినబడుతోంది, క్యాసెట్ వేగంగా తిరగడంతో శ్రుతి పైకి పోయింది. తంబురా యాప్‌లో ఏ శ్రుతి పెట్టినా కలవక, గాయని గొంతే అంత సన్నమనుకుని, ఆ అమ్మాయి తన గొంతు పిండుకుంటూ వారాల తరబడి సాధన చేసింది. ఆ క్యాసెట్ దాచిన శ్రోతకు మేము రుణపడి ఉన్నాం. కానీ అసలు టేపు ఆకాశవాణి భాండాగారంలో ఉండగా మా పిల్లలు ఈ అరకొర నకలుతో ఎందుకు గొంతు పాడుచేసుకోవాలి?

ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణ తరువాత 60 ఏళ్లకు తీరిపోతుందని 1957 కాపీరైటు చట్టమే చెబుతోంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తొలి ఏళ్ల ముద్రణల్లో గడువు తీరినవి ఏవో మీ శాఖ తేల్చి చెప్పాలి. సాహిత్యానికి, స్వరరచనకు వేరే హక్కులుంటాయని మాకు తెలుసు. త్యాగరాజ కీర్తనకు ఆ చిక్కు కూడా లేదు కదా! ఈ మాటలే విజ్ఞప్తులుగా రాసి పంపితే, తగిన చర్యకై పై అధికారులకు పంపడమైనదన్న జవాబు తప్ప మరేదీ రాలేదు. ఇంతలో పాత టేపుల మీద పూత రాలిపోతూనే ఉంటుంది. అది ఏ ఫైలు కోసమూ ఆగదు.

అయ్యా, ఉచితంగా ఇవ్వమని పట్టుబట్టడం లేదు. విద్యార్థి భరించగల ధర పెట్టండి, రాగం, తాళం, గాయకుల పేరు సరిగా రాసి, సరైన శ్రుతిలో మొత్తం పాట దొరికేలా చూడండి. అన్నీ ఒకేసారి కాకపోతే, వార్షిక పరీక్షల లోపు సంగీత శిక్షణ పాఠాలైనా మా పిల్లలకు అందించమని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక సంగీత అధ్యాపకురాలు