నత్తల మీద నింద వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో సముద్రపు నాచు మీద వ్యాసం చదివాను. బాగుంది గానీ, ‘తీరంలో రాతి గుంటల్లోని నాచును నత్తలు నాశనం చేస్తాయి’ అన్న వాక్యం మాత్రం మింగుడుపడలేదు. దేవరకొండలో ఉండేవాడికి సముద్రపు నత్తల గొడవ ఎందుకంటారేమో. నేను జువాలజీ చెప్పి రిటైరయ్యాను. అంతకుముందు మా నాయన గొర్రెల వెంట తిరిగాను.

అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ తీరంలో జేన్ లుబ్చెంకో అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధన 1978లో అచ్చయింది. ఆమె ఒక గుంటలో నత్తలన్నీ ఏరేశారు. తడి వెంట్రుకల్లా ఉండే పచ్చ నాచు దాన్ని మొత్తం కమ్మేసింది. అదే పచ్చ నాచు నిండిన ఇంకో గుంటలో నత్తల్ని వదిలితే ఊడ్చిపెట్టినట్టు తినేశాయి. నత్తలు మరీ ఎక్కువున్న గుంటల్లో వాటికి రుచించని గట్టి ఎర్ర నాచే మిగిలింది. నత్తలు మధ్యరకంగా ఉన్నచోటే ఎక్కువ నాచు రకాలు కనిపించాయి.

ఇది మాకు తెలిసిన కథే. మంద మీద మంద తిరిగిన మా బీడులో గరిక గీసుకుపోయి తంగేడు ఒక్కటే నిలబడేది. తంగేడును గొర్రెలు ముట్టవు, మేకలు కూడా పెద్దగా మూతి పెట్టవు. చూసేవాళ్లు పచ్చగా ఉందనుకునేవారు. మేపేది ఏముందని మా నాయన తిట్టుకునేవాడు.

అయితే గుంట దాటి బండ మీదికొస్తే లెక్క తిరగబడుతుంది. ఆటుకు నీళ్లు తీసి ఎండే ఆ బండ మీద పచ్చ నాచుకు అంత బలం ఉండదు, గట్టి నాచుదే పైచేయి. నత్తలేమో అక్కడా పచ్చ నాచు లాంటి మెత్తటి రకాలనే వెతికి తింటాయి. ఆ రకాలు అసలే బక్కవి, వాటినే తినేస్తే రకాలు తగ్గక ఏమవుతాయి? నత్త అదే, నాచు అదే, చోటు మారిందంతే. పైగా పచ్చ నాచులో దాక్కునే పీతలు పిల్ల నత్తల్ని తింటాయి, ఆ పీతల్ని సముద్రపు కాకులు (సీగల్ పక్షులు) తింటాయి. ఇంత లంకె ఉన్నచోట ఒక్క నత్తనే బోనెక్కించడం ఏం న్యాయం?

ఒకసారి పిల్లల్ని విశాఖ టూర్ తీసుకెళ్లినప్పుడు, ఆటు వేళ గుంట పక్కన వంగి ఒక నత్త వెళ్లిన దారి చూపించాను. పాచి పట్టిన రాయి మీద వేలెడు వెడల్పున తెల్లటి గీత. ‘సార్, గొర్రెల బాటలెక్క ఉంది’ అన్నాడొకడు. మీ వ్యాసంలో ఆ వాక్యం సరిచేస్తే సంతోషిస్తాను.

– రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, దేవరకొండ, నల్లగొండ జిల్లా